ఊక, పొగాకు మోళ్లు, బ్యాటరీ బొగ్గు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పంట వ్యర్థాల నుంచి బ్యాటరీలకు, సూపర్‌కెపాసిటర్లకు (క్షణాల్లో నిండే విద్యుత్తు నిల్వ పరికరాలకు) పనికివచ్చే కార్బన్ తయారవుతుందని కిందటి సంచికలో క్లుప్తంగా రాశాం. దానిమీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని ఒకటిగా కలిపి, రాసినవారి పేర్లు తీసివేసి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర రైస్ మిల్లు. ఊకను బాయిలర్‌లోనే కాలుస్తాం. ఆ బూడిద గుట్టలుగా పడి ఉంటోంది. నల్లగా ఉంది కనుక అందులో కార్బన్ ఉన్నట్టే కదా? బ్యాటరీ కంపెనీలకు అమ్ముకోవచ్చా? (మిల్లు యజమాని, బుచ్చిరెడ్డిపాలెం)

జవాబు: నలుపును చూసి ఆశపడకండి. వంద కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. ఆ ఊకను పూర్తిగా కాల్చితే అందులో ఐదో వంతు దాకా బూడిదగా మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. వరి మొక్క నేలలోని సిలికాను నీటితో పాటు పీల్చుకొని గింజ పైపొరలో పేర్చుకుంటుంది; ఊక అంత గరుకుగా ఉండటానికి, పశువులు దాన్ని ముట్టకపోవడానికి కారణం అదే. ఊకలోని కార్బన్‌ను గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి వేడి పుట్టించడం బాయిలర్ పని కనుక, మీ బాయిలర్ ఎంత బాగా పనిచేస్తే బూడిదలో కార్బన్ అంత తక్కువగా ఉంటుంది. మీకు కనిపిస్తున్న నలుపు సరిగా కాలని కొద్దిపాటి భాగం మాత్రమే. ఆ బూడిదకు సిమెంటులోను, ఇటుకల తయారీలోను గిరాకీ ఉంది. అటు అమ్ముకోవడమే మేలు.

అయితే కాల్చకముందు ఊక సంగతి వేరు. ఊకను గాలి ఆడని పాత్రలో 500 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే, అందులోని నీరు, తారు, వాయువులు పోయి నల్లని పొట్టు మిగులుతుంది. దీని బరువులో ఇంచుమించు సగం కార్బన్, మిగతా సగం సిలికా. ఈ సిలికా ఒక విధంగా శత్రువు, మరొక విధంగా సహాయకారి. అది ఎలక్ట్రోడ్‌లో (ఈ పరికరాల్లో విద్యుత్తును నిల్వ చేసే పలకలో) ఉండిపోతే విద్యుత్తును ప్రసరించనివ్వని బరువు అవుతుంది. కాని నల్లపొట్టును వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ఉడికిస్తే సిలికా కరిగి బయటకు వస్తుంది. అది ఉన్నచోట కార్బన్‌లో సన్నని ఖాళీలు మిగులుతాయి. సూపర్‌కెపాసిటర్‌కు కావలసినవి ఆ ఖాళీలే. కరిగి వచ్చినది సోడియం సిలికేట్ కనుక దానికి సబ్బు, అట్టపెట్టెల పరిశ్రమల్లో వేరే విలువ ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఊకను ముందే 900 డిగ్రీలకు మించి కాల్చితే సిలికా స్ఫటికంగా మారి కాస్టిక్ సోడాకు లొంగదు, పైగా స్ఫటిక సిలికా ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అందుచేత తక్కువ వేడిలో మాడ్చి, కడిగి, ఆ తరువాతనే ఎక్కువ వేడికి తీసుకువెళ్లాలి. మిల్లు యజమానిగా మీరు ఆలోచించవలసిన లెక్క మరొకటి ఉంది. ఊక మొత్తం బయటకు అమ్మితే బాయిలర్‌కు ఏం వేస్తారు? ధాన్యం ఉడకబెట్టడానికి, ఆరబెట్టడానికి మీరు వాడే ఇంధనం అదే. కనుక మీకు మిగులు ఊక ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఉప్పుడు బియ్యం చేసే మిల్లుకు, పచ్చి బియ్యం మాత్రమే ఆడించే మిల్లుకు ఈ మిగులు ఒక్కటిగా ఉండదు.

ప్రశ్న: మేము కొండపి దగ్గర పొగాకు వేస్తాం. ఆకు రెలిచాక మోళ్లు చేలోనే నిలిచి ఉంటాయి. వాటిని పీకించడం కూలి ఖర్చు తప్ప మరేమీ కాదు. పొగాకు మోళ్ల నుంచి మంచి కార్బన్ వస్తుందని విన్నాం, నిజమేనా? (రైతు, కొండపి)

జవాబు: నిజమే, కాని ఏ పనికి మంచి కార్బన్ అన్నది తెలుసుకోవాలి. పొగాకు మొక్క పొటాషియాన్ని బాగా తీసుకొనే మొక్క. ఆకులోనే కాదు, కాండంలో కూడా పొటాషియం నిల్వ ఉంటుంది. ఈ కాండాన్ని గాలి లేకుండా వేడి చేసినప్పుడు పొటాషియం కార్బొనేట్‌గా మారుతుంది. వేడి 700 డిగ్రీలు దాటాక అది చుట్టూ ఉన్న కార్బన్‌ను కొద్దికొద్దిగా తిని, కార్బన్ మోనాక్సైడ్‌గా బయటకు పంపుతుంది. ఆ తిన్నచోట అతి సన్నని రంధ్రాలు పడతాయి. ప్రయోగశాలల్లో ఏ మొక్క బొగ్గుకైనా ఈ రంధ్రాల కోసం కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షారం) కలిపి కాలుస్తారు. పొగాకు మోడు ఆ మందులో కొంత భాగాన్ని తనతోనే తెచ్చుకుంటుంది. పరిశోధకులకు దీనిమీద ఆసక్తి కలగడానికి ఇదే కారణం.

ఇబ్బందులు కూడా అక్కడే ఉన్నాయి. పొటాషియంతో పాటు కాల్షియం, క్లోరైడు కూడా మోళ్లలో ఉంటాయి. క్లోరైడు కొలిమి లోపలి లోహాన్ని తినివేస్తుంది. కాల్చిన తరువాత పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతోను, ఆ తరువాత శుద్ధమైన నీటితోను కడిగితే తప్ప ఈ లవణాలు పోవు. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్ల గుణం మీకు చెప్పనక్కరలేదు. ఆ నీళ్లతో కడిగితే ఒక ఉప్పు తీసి మరొక ఉప్పు పెట్టినట్టే. ఇంకొకటి, కూలీలు మోడును వేళ్లతో సహా పీకుతారు. నల్లరేగడి నేలలో వేళ్లకు పట్టిన మట్టి ఎండిపోయాక రాలదు. ఆ మట్టిలోని ఇనుము, అల్యూమినియం, సిలికా బొగ్గులోకి చేరితే ఆ సరుకు విలువ ఒక్కసారిగా పడిపోతుంది. కొనేవారు ఎవరైనా వస్తే, భూమికి జానెడు పైన కోసిన కాండాన్ని ఒక ధరకు, వేళ్లున్నదాన్ని మరొక ధరకు అడగడం మీ హక్కు. చేలో మోళ్లు వదిలేస్తే పురుగులకు, తెగుళ్లకు ఆశ్రయం అవుతాయి కనుక ఎలాగైనా తీసివేయవలసినవే. పీకడం, కోయడం రెండూ చేయిస్తే కూలి పెరుగుతుంది. ఆ అదనపు కూలి ధరలో కలిసి వస్తేనే కోయించండి.

ప్రశ్న: నేను నెల్లూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ప్రాజెక్టుకు మిరప కట్టె, వేరుశనగ పొట్టు తీసుకుందామనుకుంటున్నాను. కొన్ని పరిశోధన పత్రాలు గ్రాముకు రెండు వేల చదరపు మీటర్ల ఉపరితలం కావాలంటాయి, కొన్ని పది కూడా మించకూడదంటాయి. ఏది సరి? సోడియం బ్యాటరీకి గ్రాఫైట్ ఎందుకు పనికిరాదు? (విద్యార్థిని, నెల్లూరు)

జవాబు: రెండూ సరే, ఎందుకంటే అవి రెండు వేరు పరికరాల గురించి చెబుతున్నాయి. ఈ విషయంలో తికమకపడి ప్రాజెక్టు పాడుచేసుకొనేవారు చాలామంది కనుక కొంచెం వివరంగా చెబుతాం.

సూపర్‌కెపాసిటర్‌లో రసాయన చర్య దాదాపు లేదు. కార్బన్ ఉపరితలం మీద ఒక ఆవేశం నిలుస్తుంది, ద్రావణంలోని అయాన్లు (ఆవేశం ఉన్న కణాలు) దానికి ఎదురుగా నానోమీటరు కూడా లేని దూరంలో బారులు తీరుతాయి. ఈ జంట పొర భావనను జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే ప్రతిపాదించాడు. రంధ్రాల కార్బన్‌తో చేసిన కెపాసిటర్‌కు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1957లో పేటెంటు పొందింది. అయాన్లు నిలిచేది ఉపరితలం మీదనే కనుక ఉపరితలం ఎంత పెరిగితే నిల్వ అంత పెరుగుతుంది. గ్రాముకు రెండు వేల చదరపు మీటర్లంటే, చిటికెడు పొడిలో అర ఎకరం పొలం మడతపడి ఉన్నట్టు. అయితే ఆ అర ఎకరంలో అయాను అడుగు పెట్టలేని మూలలు కూడా ఉంటాయి. నానోమీటరుకన్నా సన్నని రంధ్రాల్లో నిల్వ తగ్గిపోతుందని చాలాకాలం అనుకొనేవారు; 2006లో శాస్త్రవేత్తలు గొగోత్సి, సిమోన్, వారి సహచరులు దానికి విరుద్ధంగా, అయాను తన చుట్టూ ఉన్న ద్రావణి అణువులను వదిలించుకొని ఆ ఇరుకు రంధ్రాల్లోకి దూరినప్పుడు నిల్వ పెరుగుతుందని చూపించారు. అప్పటినుంచి మొత్తం వైశాల్యంతో సమానంగా రంధ్రాల కొలతకు కూడా ప్రాధాన్యం వచ్చింది.

సోడియం అయాన్ బ్యాటరీకి కావలసిన హార్డ్ కార్బన్ (ఎంత వేడి చేసినా గ్రాఫైట్‌గా మారని కార్బన్) దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ సోడియం అయాన్లు కార్బన్ లోపలికి, వంకరటింకరగా ఉన్న పొరల మధ్యకు, మూసుకుపోయిన సూక్ష్మమైన ఖాళీల్లోకి వెళ్లి నిలవాలి. బయటి ఉపరితలం ఎక్కువైతే మొదటి ఛార్జింగ్‌లోనే ఎలక్ట్రోలైట్ (అయాన్లు ఉండే ద్రావణం) దానిమీద విడిపోయి పొరగా పేరుకుంటుంది, ఆ పొరలో చిక్కిన సోడియం తిరిగి రాదు. అందుచేత ఇక్కడ వైశాల్యం గ్రాముకు పది చదరపు మీటర్లలోపు ఉండాలని కోరుకుంటారు. దీనికి కాస్టిక్ పొటాష్ ఊసే ఉండకూడదు. శుభ్రంగా కడిగిన పదార్థాన్ని జడవాయువులో 1200 నుంచి 1500 డిగ్రీల వరకు నిదానంగా వేడి చేయాలి. గ్లూకోజును మాడ్చి చేసిన హార్డ్ కార్బన్ గ్రాముకు సుమారు 300 మిల్లీ యాంపియర్ అవర్ల సోడియాన్ని నిల్వ చేస్తుందని 2000లో కెనడాకు చెందిన శాస్త్రవేత్తలు స్టీవెన్స్, డాన్ ప్రకటించారు. నేటి పంట వ్యర్థాల పరిశోధన చాలావరకు ఆ దారి వెంట వచ్చినదే.

ఇక గ్రాఫైట్ సంగతి. అది చదునైన పొరలు వరుసగా పేర్చినట్టుండే కార్బన్. లిథియం గ్రాఫైట్ పొరల మధ్య చక్కగా ఇముడుతుంది. సిద్ధాంతరీత్యా గ్రాముకు 372 మిల్లీ యాంపియర్ అవర్లు. సోడియం అలా ఇమడదు. సోడియం అయాను లిథియం కన్నా పెద్దది, గ్రాఫైట్ పొరల మధ్య దూరం 0.335 నానోమీటర్లే కనుక పట్టదు అని చాలా పుస్తకాల్లో రాస్తారు. ఈ కారణం చాలదు. సోడియం కన్నా పెద్దదైన పొటాషియం అదే గ్రాఫైట్‌లోకి హాయిగా వెళుతుంది. అసలు విషయం ఏమిటంటే, సోడియానికి, గ్రాఫైట్‌కు మధ్య ఏర్పడే బంధం బలహీనం. ఆ సమ్మేళనం నిలకడగా ఉండదు. మౌఖిక పరీక్షలో ఈ ప్రశ్న వస్తే పరిమాణం ఒక్కటే చెప్పి ఊరుకోకండి.

మీరు ఎంచుకున్న వాటిలో వేరుశనగ పొట్టుకు మా ఓటు. పొట్టు ఆడించే మిల్లు దగ్గర ఒకేచోట, పొడిగా దొరుకుతుంది, లిగ్నిన్ (చెక్కకు గట్టిదనం ఇచ్చే పదార్థం) ఎక్కువ. మిరప కట్టె కూడా బాగానే ఉంటుంది, కాని ఒక్కొక్క చేను కట్టె ఒక్కొక్క రకంగా మందులు, ఎరువులు తిని ఉంటుంది కనుక ఒకే చేను నుంచి ఏడాదికి సరిపడా తెచ్చి, కడిగి, ఎండబెట్టి, పొడి చేసి, ఒకే డబ్బాలో ఉంచుకోండి. లేకపోతే నెల తిరిగేసరికి ఫలితాలు మారిపోతాయి, కారణం ఎంత వెతికినా దొరకదు.

మరొక హెచ్చరిక. గ్రాముకు 300 ఫారడ్లు, 400 ఫారడ్లు (ఫారడ్ అంటే ఆవేశాన్ని నిల్వ చేసే సామర్థ్యానికి, అంటే కెపాసిటెన్స్‌కు, కొలత) అని పత్రాల్లో కనిపించే అంకెలు సాధారణంగా నీటి ఎలక్ట్రోలైట్‌లో, మూడు ఎలక్ట్రోడ్ల అమరికలో, అతి పలచని పూత మీద కొలిచినవి. రెండు ఎలక్ట్రోడ్ల బరువూ కలిపి లెక్కిస్తే ఆ అంకె నాలుగో వంతు అవుతుంది. పైగా నిల్వ అయ్యే శక్తి వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. నీటి ద్రావణాలు సాధారణంగా ఒక వోల్టు దగ్గర ఆగిపోతాయి, సేంద్రియ ద్రావణాలు 2.7 వోల్టుల దాకా తట్టుకుంటాయి. అంటే కెపాసిటెన్స్ సమానమైనా శక్తిలో ఏడు రెట్ల తేడా. బజారులో దొరికే సూపర్‌కెపాసిటర్ కిలోకు 5 నుంచి 10 వాట్ అవర్లు మాత్రమే దాచుకుంటుంది, లిథియం అయాన్ బ్యాటరీ 150 నుంచి 250 దాకా దాచుకుంటుంది. కాని సూపర్‌కెపాసిటర్ క్షణాల్లో నిండి, లక్షల సార్లు నింపినా తగ్గదు. ఈ రెంటినీ ఒకే పట్టికలో పెట్టి పోల్చే పత్రాలను కొంచెం అనుమానంగా చదవండి. నీటి ద్రావణాలను చిన్నచూపు చూడమని మా ఉద్దేశం కాదు. హైదరాబాదులోని ఏఆర్‌సీఐ (కొత్త పదార్థాల మీద పనిచేసే పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మిల్లుల్లో మిగిలే పత్తి వ్యర్థాన్ని రంధ్రాల కార్బన్ పీచుగా మార్చి, సముద్రపు నీటినే ఎలక్ట్రోలైట్‌గా వాడి సూపర్‌కెపాసిటర్ చేశారు. మైపాడు సముద్రం మీకు దగ్గరే కనుక ఆ దారిలో ఒక ప్రయోగం చేసి చూడవచ్చు.

ప్రశ్న: ఎన్ని వ్యర్థాలు ఉన్నా కంపెనీలు కొబ్బరి చిప్పల వెంటనే ఎందుకు పడతాయి? (వ్యాపారి, కావలి)

జవాబు: చిప్ప గట్టిది, బరువైనది, దానిలో బూడిద చాలా తక్కువ. ఎక్కడి చిప్పయినా ఇంచుమించు ఒక్కలాగే ఉంటుంది. జపాను సంస్థ కురారే సూపర్‌కెపాసిటర్లకు అమ్మే కార్బన్‌కు కొబ్బరి చిప్పే మూలం. మొక్కల మూలం నుంచి చేసిన హార్డ్ కార్బన్ కూడా ఆ సంస్థే అమ్ముతోంది. చిప్పకు గిరాకీ పెరిగి ధర పెరిగిన కొద్దీ మిగతా వ్యర్థాల మీద చూపు పడుతుంది. మీ ప్రాంతంలో కొబ్బరి తక్కువ కనుక మీరు చిప్పల వ్యాపారంలోకి దిగి కోస్తా పై జిల్లాలతో పోటీ పడటం కష్టం.

ప్రశ్న: మేము కనిగిరి వైపు సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు బట్టీలు పెడతాం. మా బొగ్గు బ్యాటరీకి పనికి వస్తుందా? మేము ఎలా తెలుసుకోవాలి? (బొగ్గు తయారీదారు, కనిగిరి)

జవాబు: సర్కారు తుమ్మ పంట వ్యర్థం కాకపోయినా, ఎక్కువమంది చేతిలో ఉన్న సరుకు అదే కనుక ఈ ప్రశ్నను తీసుకుంటున్నాం. మీ బట్టీలో కట్టెలు పేర్చి, ఆకు కప్పి, మట్టి పూసి, గాలి కన్నాలు మూస్తూ తెరుస్తూ కాలుస్తారు. వంటకు, ఇస్త్రీకి, హోటళ్లకు ఆ బొగ్గు భేషైనది. కాని బట్టీలో అన్నిచోట్లా వేడి ఒకే తీరుగా ఉండదు. నడుమ బాగా మాడినా, అంచుల్లో సగం కాలిన కట్టె మిగులుతుంది, అడుగున ఉన్న ముక్కలకు మట్టి అంటుతుంది.

మీరే చేసుకోగల పరీక్షలు రెండు ఉన్నాయి. మొదటిది మల్టీమీటరుతో. కరెంటు పనిచేసే ఎవరి దగ్గరైనా ఉండే పరికరమే. దాన్ని నిరోధం కొలిచే చోటుకు తిప్పి, రెండు మొనలనూ బొగ్గు ముక్కకు అంగుళం దూరంలో గట్టిగా నొక్కండి. నాలుగైదు వందల డిగ్రీల్లో అయిన బొగ్గు విద్యుత్తును దాదాపు పోనివ్వదు; అంకె మెగా ఓమ్‌లలో ఉంటుంది, లేదా అసలు చూపదు. ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీలు చూసిన బొగ్గు అయితే అంకె వందల్లోకి, పదుల్లోకి దిగుతుంది. ఒకే బట్టీలో పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి ముక్కలు తీసి కొలవండి. ఆ మూడు అంకెల మధ్య ఉన్న తేడాయే మీ సరుకును బ్యాటరీ కంపెనీ వద్దనడానికి కారణం. రెండవది బూడిద పరీక్ష. బాగా ఎండిన బొగ్గు పొడిని బంగారు కొట్టులో పది గ్రాములు తూయించి, స్టీలు గిన్నెలో పూర్తిగా తెల్లబారేదాకా కాల్చి, మిగిలినదాన్ని అదే తూకంలో తూయించండి. అర గ్రాము మిగిలితే ఐదు శాతం బూడిద అన్నమాట. ఎలక్ట్రోడ్ కార్బన్‌కు అది ఒక శాతం కన్నా తక్కువ ఉండాలని అడుగుతారు, ఇనుము లాంటి లోహాలైతే ఇంకా చాలా తక్కువ ఉండాలి. ఇనుము ఉంటే నింపిన ఛార్జి దానంతట అదే కారిపోతుంది. బూడిద ఎక్కువ వచ్చినంత మాత్రాన నిరాశ పడనక్కరలేదు. ఏకరీతిగా మాడిన శుభ్రమైన బొగ్గును యాక్టివేటెడ్ కార్బన్ తయారుచేసేవారు ముడిసరుకుగా తీసుకొని, వాళ్లే ఆవిరితో రంధ్రాలు చేసుకుంటారు, వాళ్లే కడుగుతారు. మట్టి బట్టీ స్థానంలో మూత ఉన్న ఇనుప డ్రమ్ము వాడటం ఈ దిశగా మొదటి మెట్టు. హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, పాత నూనె డ్రమ్ముతో చేసిన కొలిమిని రైతుల కోసం రూపొందించింది. అది నేలకు వేసే బయోచార్ కోసం చేసినది, కాని మట్టి కలవకుండా కాల్చే పద్ధతి నేర్చుకోవడానికి అంతకన్నా చవకైన దారి లేదు.

ప్రశ్న: మా డ్వాక్రా సంఘం సభ్యులం పదిమందిమి. ఒక కంపెనీవారు వచ్చి, బ్యాటరీ కార్బన్ తయారుచేసే యంత్రం ఇస్తామని, తయారైన సరుకంతా తామే కొంటామని, రుణం కూడా ఇప్పిస్తామని చెబుతున్నారు. పెరట్లోనే పెట్టుకోవచ్చునట. తీసుకోమంటారా? (సంఘం సభ్యురాలు, వింజమూరు)

జవాబు: తీసుకోవద్దండి. అమ్మేవారు మంచివారా, చెడ్డవారా అన్నది మాకు తెలియదు, దానిమీద మేమేమీ అనడం లేదు. పెరట్లో చేయదగిన పని ఇది కాదు, అంతే. ఈ పనిలో కాస్టిక్ పొటాష్‌ను బొగ్గుకు మూడు నాలుగు రెట్ల బరువున కలిపి ఎనిమిది వందల డిగ్రీలకు వేడి చేస్తారు. ఆ వేడిలో పొటాషియం లోహం ఆవిరిగా పుడుతుంది, మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. చల్లారాక లోపల ఏ కొంచెం లోహం మిగిలి ఉన్నా, నీళ్లు పోసిన క్షణాన అంటుకుంటుంది. కాస్టిక్ పొటాష్ చర్మం మీద పడితే ఒరిసిపోతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. కాస్టిక్ లేని సాదా మాడ్పుడు కొలిమి నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, మూసిన గదిలో మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. కడిగిన నీళ్లు క్షారంతోను, ఆమ్లంతోను నిండి ఉంటాయి, వాటిని కాలువలో వదిలితే కాలుష్య నియంత్రణ మండలి బాధ్యులను చేసేది యంత్రం అమ్మినవారిని కాదు, దాన్ని నడిపే మిమ్మల్ని.

సరుకంతా కొంటామన్న మాట మీద మీరు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఏ నాణ్యతకు కొంటారు, ఆ నాణ్యతను ఏ ప్రయోగశాల పరీక్షిస్తుంది, పరీక్ష ఖర్చు ఎవరిది, సరుకు తిరస్కరిస్తే రుణం వాయిదా ఎవరు కట్టాలి, ఇప్పటికే కొన్న సంఘం ఒకటి చూపించగలరా? వీటికి కాగితం మీద జవాబు రాకపోతే, ఆ రుణం మీ నెత్తినే పడుతుంది. టన్ను ఎండు కట్టె నుంచి 250 నుంచి 300 కిలోల బొగ్గు వస్తుంది, దానికి ఆవిరితో రంధ్రాలు చేస్తే అందులో సగం దాకా కరిగిపోతుంది. పదిమంది కూలి, కరెంటు, నీరు ఆ మిగిలిన నూటపాతిక నూటయాభై కిలోలే మోయాలి.

సంఘంగా మీరు చేయగలిగినది దీనికి ముందున్న మెట్టు. వేరుశనగ పొట్టు గాని, కంది కట్టె గాని ఒకే రకాన్ని సేకరించి, మన్ను దులిపి, ఎండబెట్టి, ముక్కలు చేసి, గోతాల్లో వాన తగలకుండా నిల్వ చేయడం. కార్బన్ చేసేవారికి ఎక్కువ ఖర్చు అయ్యేది, సరిగా దొరకనిదీ అదే. ఊక ఘనపు మీటరుకు సుమారు వంద కిలోలే తూగుతుంది, విడి గడ్డి అంతకన్నా తేలిక. లారీ నిండా కొన్నా బరువు రాదు. కనుక ముక్కలు చేయడం, నొక్కి కట్టలు కట్టడం కూడా నిజంగా విలువ చేర్చే పనే. ఎవరూ కొనకపోయినా ఆ సరుకు ఇటుక బట్టీకో, బాయిలర్‌కో పోతుంది, రుణం మాత్రం మిగలదు.

ప్రశ్న: ఇవన్నీ వ్యర్థాలని మీరు రాస్తున్నారు. మా దర్శి ప్రాంతంలో వరిగడ్డి, కంది పొట్టు, శనగ పొట్టు పశువుల మేత. మిగిలినది చేలో కుళ్లితే ఎరువు. అన్నీ బ్యాటరీలకు పోతే పశువులు ఏం తినాలి, నేల ఏం కావాలి? (రైతు, దర్శి)

జవాబు: మీ ఆక్షేపణ న్యాయమైనది. కిందటి సంచికలో మేము 'వ్యర్థాలు' అని అన్నింటినీ ఒకే గంపలో వేయకుండా ఉండవలసింది. ఒంగోలు జాతి పశువులు పెరిగిన ప్రాంతంలో వరిగడ్డిని, జొన్న చొప్పను, కంది పొట్టును, శనగ పొట్టును, వేరుశనగ కట్టెను వ్యర్థమని అనడానికి వీలు లేదు. కార్బన్ పరిశ్రమ కళ్లతో చూసినా వరిగడ్డి గొప్ప సరుకు కాదు. ఊకలాగే అందులో కూడా సిలికా ఎక్కువ, పైగా పొటాషియం, క్లోరైడు ఉంటాయి. టన్ను వరిగడ్డిలో సుమారు 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటుంది. గడ్డి పశువుకు వెళితే అది పేడగా పొలానికి తిరిగి రావచ్చు, కొలిమికి వెళితే కడిగిన నీళ్లలో పోతుంది, దాన్ని మీరు పొటాష్ బస్తాగా మళ్లీ కొనాలి. పొగాకు మోళ్లకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది కనుక, మోళ్లు అమ్మేవారు ఆ ఏడాది మట్టి పరీక్షలో పొటాష్ అంకెను చూసుకోవడం మంచిది.

కొలిమికి పంపదగినవి వేరు. పత్తి కట్టెలో గులాబీ రంగు పురుగు దాగి మరుసటి పంటకు వస్తుంది కనుక పంట కాలం ముగియగానే దాన్ని చేలోనుంచి తీసివేయమని వ్యవసాయ శాఖవారే చెబుతారు. ఇప్పుడు చాలామంది గట్టునే తగలబెడుతున్నారు. మిరప కట్టెను పశువు తినదు, అది తొందరగా కుళ్లదు. వేరుశనగ పొట్టు, మిల్లు దగ్గర మిగులు ఊక, జీడిగింజ పెంకు, తాటి టెంకలు కూడా మేతకు పనికిరావు. నేలలో సేంద్రియ పదార్థం బాగా తగ్గిపోయిన మెట్ట చేలల్లో మాత్రం పత్తి కట్టెను కూడా రోటవేటరుతో ముక్కలు చేసి కలిపేయడమే మేలని మా అభిప్రాయం. పురుగు బెడద ఉన్న ఏడాది బయోచార్ చేసి అదే చేనుకు వేసుకోవచ్చు. మిరప కట్టె, పత్తి కట్టె అమ్మదలచుకుంటే వేరువేరుగా గట్టుమీద వేయించండి, కలిపితే రెంటికీ ధర రాదు. కొనేవారు వచ్చినప్పుడు టన్ను ధర కన్నా ముందు, తేమ ఎంత శాతం దాకా ఒప్పుకుంటారో, తూకం ఎక్కడ వేస్తారో అడిగి తేల్చుకోండి. మాఘ మాసంలో పీకిన పచ్చి కట్టె చైత్రానికి ఎండి బరువు తగ్గుతుంది కనుక, ఆ తరుగు ఎవరి ఖాతాలో పడుతుందన్నది తూకం జరిగే రోజును బట్టే ఉంటుంది.